అద్దె కారు – కుడివైపు దారి

మన విశ్వవిద్యాలయం నుంచి ఏటా ఎందరో మిత్రులు పైచదువులకు అమెరికా వెళుతున్నారు. జీఆర్‌ఈ గురించీ, వీసా ఇంటర్వ్యూ గురించీ మాణికేశ్వర్ నగర్ గదుల్లో అర్ధరాత్రి దాకా చర్చలు సాగుతాయి. అక్కడ దిగిన కొద్ది వారాలకే చేతికొచ్చే కారు తాళం చెవి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. పెద్ద నగరాలు కొన్ని తప్పిస్తే ఆ దేశంలో బస్సులు తక్కువ. నాలుగు రోజులు సెలవు దొరికితే నలుగురు కలిసి అద్దెకు కారు తీసుకోవడం మామూలే.

నేనింకా విదేశం చూడలేదు. చూడకుండా ఎట్ల రాస్తవు అని అడగవచ్చు. మా చిన్నాయన కొడుకు టెక్సస్‌లో చదువుతున్నాడు. రెండెకరాలు కుదువబెట్టి పంపించారు. ఆయన ఫోనులో చెప్పినవీ, నేను చదివి తెలుసుకున్నవీ, లెక్కగట్టినవీ కలిపి రాస్తున్నాను. 2024 ఆగస్టు 30న అదే రాష్ట్రంలో ఆనా అనే ఊరి దగ్గర అయిదు వాహనాలు ఢీకొని, ఒకే కారులో కలిసి వెళుతున్న నలుగురు భారతీయులు చనిపోయారు. వారిలో హైదరాబాదు వాళ్లూ ఉన్నారు. వెనకనుంచి వచ్చే ట్రక్కును మనం ఆపలేం. మన చేతిలో ఉన్నదాని గురించే ఈ వ్యాసం.

అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి, స్టీరింగు ఎడమపక్కన ఉంటుంది. ఈ ముక్క అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన చేతులు వింటాయా? మా ఊళ్లో నాగలికి ఎలపటెద్దు, దాపటెద్దు అని ఉంటాయి. కుడిపక్క అలవాటైన ఎలపటెద్దును తెచ్చి ఎడమకు కడితే అది సాలు తప్పుతుంది, మెడ తిప్పుతుంది, కాడి విదిలిస్తుంది. ఎద్దుకు తెలివి లేక కాదు, అలవాటు అట్లాంటిది. మనిషిదీ అంతే. ముందర పది కార్లు పోతుంటే వాటి వెనక మనమూ సరిగ్గానే పోతాం. చిక్కంతా ఖాళీ రోడ్డు మీదనే. పొద్దున్నే పెట్రోలు బంకులోంచి బయటికి వచ్చినప్పుడో, రాత్రి పార్కింగ్ స్థలంలోంచి మలుపు తిరిగినప్పుడో, ఎదుట బండి లేకపోతే చేతులు పాత పక్కకే లాగుతాయి. స్వీడన్ దేశం 1967 సెప్టెంబరు 3న ఎడమనుంచి కుడికి మారినప్పుడు, ఆ తెల్లవారుజామున మామూలు బండ్లన్నీ ఆపించి మరీ పక్క మార్చారు. దేశమంతా కలిసి మారడానికే అంత ఏర్పాటు కావలసివస్తే, విమానం దిగిన మనం ఒక్కరమే మారడం ఎంత కష్టమో ఊహించుకోండి.

దీనికొక సులువైన గుర్తుంది. ఇక్కడైనా, అక్కడైనా డ్రైవరు కూర్చునే వైపు రోడ్డు మధ్యగీత పక్కకే ఉండాలి. మలుపు తిరిగాక గీత మనకు దూరంగా, పక్కసీటు వైపు కనిపిస్తే తప్పు దారిలో ఉన్నట్టే. అక్కడ ఎడమకు తిరగడమంటే ఎదుటివాళ్లను దాటుకుని తిరగడం, అంటే మన కుడిమలుపు వంటిది. కాలినడకన దాటేటప్పుడు కూడా తార్నాకలో మొదట కుడికి చూస్తాం, అక్కడ మొదట ఎడమకు చూడాలి. సైగ లైటు మీట మన కార్లలో చాలావాటికి కుడిచేతి కింద ఉంటుంది, అక్కడ ఎడమచేతికి. "తమ్ముడూ, మలుపుకు లైటేద్దామంటే వాన లేకుండానే అద్దం తుడుస్తున్నది" అని మా అన్న నవ్వాడు. గేర్లు మార్చే పని లేని కారు తీసుకుంటే ఆ తికమక ఒకటి తగ్గుతుంది.

ఇక వేగం. బోర్డు మీద 65 అని ఉంటే అది మైళ్లు, అంటే గంటకు సుమారు 105 కిలోమీటర్లు. తార్నాకలో 40 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు, కాలు బ్రేకు మీదికి రావడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, సుమారు 20 మీటర్లలో ఆగుతాడు. 105 మీద అదే మనిషి, అదే పొడిరోడ్డు అయినా దాదాపు 90 మీటర్లు కావాలి. వేగం రెండున్నర రెట్లు పెరిగితే బ్రేకు దూరం దాదాపు ఏడు రెట్లవుతుంది, వర్గం ప్రకారం పెరుగుతుంది గదా. మంచు పడితే ఒక్క బ్రేకు దూరమే 200 మీటర్లు దాటవచ్చు. ధాన్యం ట్రాలీతో ట్రాక్టరు నడిపినవాడికి ఈ సంగతి ఫిజిక్సు పుస్తకం లేకుండానే తెలుసు.

వాళ్ల పద్ధతుల్లో మనకు కొత్తవి కొన్ని ఉన్నాయి. 'స్టాప్' బోర్డు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రం పూర్తిగా ఆగాల్సిందే. నాలుగు పక్కలా ఆ బోర్డే ఉంటే ముందు వచ్చినవాడు ముందు పోతాడు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడిపక్కవాడికి దారి ఇవ్వాలి. పసుపుపచ్చ స్కూలు బస్సు ఎర్రలైట్లు మిణుకుమంటూ ఆగితే, మధ్య విభజన లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాళ్లూ ఆగాలి. మన దగ్గర హెడ్‌లైటు మెరిపిస్తే "నేనొస్తున్న, తప్పుకో" అని, అక్కడ చాలాసార్లు "నువ్వు పో" అని! పోలీసు వెనక లైట్లు వేస్తే కుడిపక్కకు తీసి ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టి, కారులోనే కూర్చోవాలి. దిగి వాళ్ల దగ్గరికి పోవడం మన మర్యాద, అక్కడ అది ప్రమాదం.

కాగితాల విషయానికి వస్తే, ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో పాస్‌పోర్టు చూపి 'అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్' తీసుకోవచ్చు. 1949 నాటి జెనీవా ఒప్పందం దీనికి ఆధారం, ఏడాది చెల్లుతుంది. అయితే అది లైసెన్సు కాదు, మన లైసెన్సుకు అనువాదం వంటిది. రెండూ వెంట ఉండాలి. అక్కడే నివాసముండేవాళ్లు ఆ రాష్ట్రం లైసెన్సు తీసుకోవాలి, టెక్సస్‌లో 90 రోజుల గడువు. ఇరవై అయిదేళ్లు నిండనివాళ్ల దగ్గర అద్దె కంపెనీలు సాధారణంగా రోజుకింత అని అదనంగా వసూలు చేస్తాయి. నా వయసువాడికి చాలాచోట్ల కారు ఇవ్వనే ఇవ్వరు.

నాకు అన్నిటికంటె భయం కలిగించేది వేరే ఉంది. నలుగురూ డబ్బులు వేసుకుంటారు, ఒప్పందం మీద పేరు మాత్రం ఒక్కడిది. మరో పేరు చేరిస్తే రోజుకు కొంత రుసుము కట్టాలని మానేస్తారు. రాత్రి రెండు గంటలకు ఆ ఒక్కడికి నిద్ర ముంచుకొస్తే పేరు లేనివాడు స్టీరింగు పడతాడు. అప్పుడు గుద్దితే భీమా చెల్లకపోవచ్చు. భీమాలోనూ రెండు రకాలు. మనం తీసుకున్న కారుకు జరిగిన నష్టానికి ఒకటి, ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి మరొకటి. మొదటిది కొని రెండోది ఉన్నదనుకుంటారు చాలామంది. అక్కడి ఆస్పత్రి ఖర్చు డాలర్లలో మీద పడితే ఇక్కడ కుదువబెట్టిన రెండెకరాలు ఏ మూలకు? కాబట్టి ఎవరెవరు నడుపుతారో అందరి పేర్లూ రాయించండి, ఇద్దరైనా మార్చి మార్చి నడపండి.

కారు తీసుకునేటప్పుడు నాలుగు పక్కలా ఫోటోలు తీసి పెట్టుకోవాలి, పాత గీతలు ఉంటే కాగితం మీద రాయించాలి. తిరిగి ఇచ్చేటప్పుడు, ఒప్పందంలో అట్లా ఉంటే, ట్యాంకు నింపి ఇవ్వాలి. లేకపోతే వాళ్లే నింపి బంకు ధరకంటె ఎక్కువ వేస్తారు. అన్నట్టు, అక్కడ పెట్రోలును 'గ్యాస్' అంటారు. మా అన్న మొదటిసారి సిలిండరు కోసం వెతికాడట.