విత్తనం అమ్మరు, బదలిస్తారు

"ఎన్ని రకాల విత్తనాలున్నయి అవ్వా?" అని అడిగితే ఆమె లెక్క చెప్పలేదు. అటక మీంచి బుట్టలు దించడం మొదలుపెట్టింది. జహీరాబాద్‌కు దగ్గర్లో ఓ పల్లె, రెండు గదుల పెంకుటిల్లు. వెదురుతో అల్లి, ఎర్రమట్టీ పేడా కలిపి అలికిన బుట్టలవి. మూత తీస్తే పైన బూడిద, దాని కింద ఎండిన వేపాకు, ఆ కింద పచ్చజొన్నలు. ఇంకోదాంట్లో కొర్రలు, మరోదాంట్లో సామలు, తైదలు. అనుములు, ఉలవలు, బొబ్బెర్లు, అవిసెలు వేరే వేరే మూటల్లో ఉన్నాయి. ఆఖరి బుట్టలో కందులు తెల్లవి, ఎర్రవి, నల్లవి. గుప్పెడు అరచేతిలో పోసుకుని, నాతో మాట్లాడుతూనే బొటనవేలితో పుచ్చు గింజల్ని పక్కకు నెట్టి ఏరిపారేస్తోంది.

కొనుక్కుంటామని ఎవరైనా వస్తే ఎంతకిస్తావని అడిగాను.

"ఇత్తనం అమ్ముతరా బిడ్డా? అడిగినోళ్లకు బదలిస్త. సోలెడు తీస్కపోతే, పంటొచ్చినంక రెండు సోలలు తెచ్చి పోస్తరు. పోయనోళ్లు నాకింతవరకు తగల్లే."

సంగారెడ్డి జిల్లాలోని ఈ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. పస్తాపూర్ దాని కేంద్రం. సంస్థను నడిపించినవారిలో ముఖ్యులైన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఊరూరా ఉన్న మహిళా సంఘాలే దీనికి బలం. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, ఎకరమో రెండెకరాలో చెలక ఉన్న చిన్న రైతులు. సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆ సంగతి నేనే కదిపితే ఒకావిడ "అవును, వచ్చింది" అని ఊరుకుని, ఈ ఏడు అలసంద ఎట్లా కాసిందో చెప్పుకుపోయింది.

ఈ జొన్నలు, కొర్రలు ఒకప్పుడు ఇక్కడ అందరి ఇళ్లలో ఉండేవి. ఎటుపోయాయో నాకు కొంత ఇంట్లోనే తెలుసు. మా నాయిన మెదక్ పక్కన రేషన్ దుకాణం నడిపేవాడు. 1983లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పండగ పూట తప్ప తెల్లన్నం ఎరగని ఇళ్లవాళ్లు సంచులు పట్టుకుని మా గుమ్మం ముందు వరస కట్టారు. ఆ బియ్యం ఎన్నో కడుపులు నింపింది. ఆ మేలును ఎవరూ కాదనకూడదు. కానీ ప్రభుత్వం కొన్నదంతా నీళ్లున్న చోట పండిన వడ్లే. చెలకలో పండిన జొన్నను కొనే దిక్కు లేకపోయింది. రెండు రూపాయలకు బియ్యం దొరుకుతుంటే రాళ్ల నేలతో కొట్లాడి జొన్న పండించేదెవరు? చెలకలు బీళ్లయ్యాయి. పశువులకు చొప్ప కరువైంది, పశువులు తగ్గితే ఎరువు తగ్గింది. పేదల తిండి మారడంతో నేల కూడా మారిపోయింది.

ఇక్కడి సంఘాలు దీనికి 1990ల నడుమ ఒక జవాబు వెతికాయి. ముప్పైకి పైగా ఊళ్లలో బీడు భూములు దున్నుకోవడానికి రైతులకు అప్పు ఇచ్చి, దాన్ని పైసల్లో కాక జొన్నల్లో తిరిగి తీసుకున్నారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేసి, ఎండాకాలం పనుల్లేని రోజుల్లో పేదింటివాళ్లకు చవగ్గా ఇచ్చారు. ఎవరు పేదలో ఆఫీసులో కూర్చుని తేల్చలేదు. ఊరి నడుమ నేల మీద ముగ్గుపిండితో ఇళ్లన్నీ గీసి, ఏ ఇంట్లో ఎట్లా గడుస్తోందో అందరి ముందూ మాట్లాడుకుని ఊరివాళ్లే గుర్తులు పెట్టుకున్నారు. నాయిన దుకాణంలో పైనుంచి వచ్చిన జాబితాలు చూస్తూ పెరిగినదాన్ని. ఆ పద్ధతి విన్నప్పుడు నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

చేనులోకి పోదాం. ఒకే ఎకరంలో పదీ పన్నెండు పంటలు కలిపి వేస్తారు. చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది గానీ ప్రతి సాలుకూ ఒక కారణముంది. కంది వేరు లోతుకు దిగి అడుగు తేమను తాగుతుంది. కొర్ర మూడు నెలల్లో చేతికొచ్చి ఇంటికి మొదటి తిండి పెడుతుంది. పెసర, మినుము, బొబ్బెర వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. ఎత్తు జొన్న మీద పిట్టలు వాలి పురుగుల్ని ఏరుకుతింటాయి. వాన ముఖం చాటేస్తే ఒకటి పోయినా ఇంకొకటి నిలబడుతుంది. జొన్న, సజ్జ, కొర్రలాంటివి ఎండనూ నీటి ఎద్దడినీ వరికన్నా బాగా ఓర్చుకుంటాయి. నల్లరేగడి ఉన్నవాళ్లు వానలు వెనకబట్టాక తెల్లజొన్న, శనగ, కుసుమ వేస్తారు. నేలలో మిగిలిన తేమతో, చలికాలపు మంచుతో ఒక్క తడి కూడా లేకుండా పండుతాయవి. వాటిని ఇక్కడ సత్యం పంటలంటారు.

విత్తనాలతో పాటు ఈ ఆడవాళ్లు కాపాడుకుంటున్నది మరొకటుంది: ఎవరూ విత్తకుండా మొలిచే కూర. ఒకావిడ వెంట సాళ్ల నడుమ నడిచాను. వంగిన నడుం ఎత్తకుండానే తుమ్మికూర, దొగ్గలికూర, గంగవాయిలి, లేత గునుగు గిల్లి కొంగులో వేసుకుంటోంది. మనం బతుకమ్మలో పేర్చే ఆ గునుగే. చూస్తుండగానే కొంగు నిండింది. ఆ చేను ఆమెది కాదు. కూర కోసుకోవడానికి ఎవరి చేనైనా ఒకటే, ఎవరూ అడ్డు చెప్పరు. సెంటు భూమి లేని ఇల్లు కూడా వానాకాలమంతా కూర కొనకుండా గడుపుకొస్తుంది.

"గడ్డిమందు కొట్టిన చేన్ల కూర కోస్తవా?" అన్నాను.

"ఏం మొలుస్తది బిడ్డా, కోస్తందుకు? ఆ మందు కొట్టుడంటే మా పొయ్యిల నీళ్లు పోసినట్టే."

కలుపు తీసే కూలీ ఖర్చు మిగులుతుందని గడ్డిమందు వాడకం ఊళ్లలో పెరిగిపోయింది. ఆ మందును తట్టుకునే పత్తి విత్తనానికి దేశంలో అనుమతి లేదు. అయినా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. రైతుకు మిగిలిన కూలీ డబ్బు కనిపిస్తుంది. భూమిలేని ఆడమనిషి కూరగిన్నెలో తగ్గినది ఎవరి లెక్కలోకీ రాదు.

అన్ని గొంతులూ ఒకేలా లేవు. ఓ ఇంటి అరుగు మీద ముప్పై ఏళ్ల అబ్బాయి సూటిగా అన్నాడు: "అక్కా, జొన్నేస్తే సగం అడవిపందులకు, సగం పిట్టలకు. కోసెటోళ్లు దొరకరు. చెరుకేస్తే ఫ్యాక్టరీ ఉంది, పత్తేస్తే కొనెటోడున్నడు. మా అమ్మ చెప్పేది మంచిదే, గని నా పిల్లల ఫీజు జొన్నలతో తీరుతదా?" వాళ్లమ్మ లోపల్నించి విన్నది, ఏమీ అనలేదు. ఆ అబ్బాయిని తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు. నేలకూ నీటికీ మేలు చేసే పంట వేసినవాడికి నష్టం, బోరు లోతుకు దింపినవాడికి ఉచిత కరెంటు. ఈ లెక్క వేసింది ఆ అబ్బాయి కాదు.

పైగా భూమే చేజారుతుందన్న బెంగ ఉంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,600 ఎకరాలకు పైగా విస్తీర్ణంలో నిమ్జ్ అనే పారిశ్రామిక వాడను తలపెట్టారు. ఉద్యోగాలొస్తాయన్న ఆశ పడుచువాళ్లలో ఉంది. పరిహారం పట్టాదారుకు ముడుతుంది, ఆ చేన్లో కూర గిల్లుకునే ఆవిడకు ఏం ముడుతుందన్న ప్రశ్నకు మాత్రం నాకెవరూ జవాబు చెప్పలేదు.

ఇలాంటి మాటలు బయటికి చేరడానికి ఈ ఆడవాళ్లు తమ సొంత దారి వేసుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పిచ్చింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు వచ్చింది. 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. నడిపింది ఇద్దరు దళిత యువతులు, ఇద్దరి పేరూ నర్సమ్మే. ఏ తెగులుకు ఏ కషాయం, ఏ కార్తెలో ఏ విత్తు, ఏ పండక్కి ఏ పాట, అన్నీ తమ యాసలోనే. సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్లకు విత్తనాల బుట్టలు కట్టి ఊరూరూ తిప్పుతారు. ఏ ఊళ్లో ఏ విత్తనం అంతరించిందో, ఎవరింట్లో మిగిలిందో అక్కడే తేలుతుంది.

ఇక పట్నంలో ఉన్న మన సంగతి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రలూ అండుకొర్రలూ సూపర్‌మార్కెట్ అరల్లోకి వచ్చాయి. షుగరుకు మంచిదని మందులా కొంటున్నాం. మంచిదే. కానీ ప్యాకెట్ మీది ధరలో పండించినామెకు చేరేదెంతో అడుగుతున్నామా? తెల్లగా మెరిసేదాకా పాలిష్ పట్టించిన కొర్రల్లో పీచు ఎంత మిగులుతుందో చూస్తున్నామా? ఇక్కడ రసాయనాల్లేని పంట అని ధ్రువీకరించే పద్ధతి ఒకటుంది. పెద్ద ఫీజులు తీసుకునే కంపెనీ అధికారి కాదు, పక్క చేను రైతులే ఒకరి పొలం ఒకరు చూసి సంతకం చేస్తారు. అబద్ధమాడితే రేపు బావి దగ్గర మొహం చూపించాలి. ప్రయోగశాల పరీక్షకంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

నీతిగా బతకడమంటే మన సంచిలో ఏముందో చూసుకోవడం మాత్రమే అయితే అది డబ్బున్నవాళ్ల వ్యవహారంగానే మిగిలిపోతుంది. పేదింటి కంచంలోకీ జొన్న తిరిగి రావాలి. 2013 ఆహార భద్రత చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కూడా చౌకధరకు ఇవ్వమంది. పక్కనున్న కర్ణాటకలో రేషన్‌లో రాగులు, జొన్నలు ఇస్తున్నారు. తెలంగాణలో 2025 నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, సంతోషం. దానితో పాటు నెలకు రెండు కిలోల జొన్నలు, ఈ చెలకల్లో మద్దతు ధరకు కొన్నవే ఇస్తే, ఆ అబ్బాయికి కొనేవాడు దొరుకుతాడు. మీ ఎమ్మెల్యే ఎదురుపడితే ఈ ఒక్క మాట అడగండి. గ్రామసభ జరిగితే తీర్మానం పెట్టించండి. హాస్టల్ మెనూల్లో, అంగన్‌వాడీల్లో వారానికి రెండు పూటలైనా జొన్నరొట్టె పెట్టమని ఉత్తరం రాయండి. విత్తనాలు ఆ అవ్వల దగ్గర ఇంకా ఉన్నాయి.