పెరటి జామాకు: అతిసారంలో దాని మేలు, దాని హద్దు

అనకాపల్లి జిల్లా కె. కోటపాడులో మా బంధువుల ఇంట, నూతి పక్కన ఒక జామ కలదు. చెట్టు అనదగినంత ఎత్తు పెరగక, మొదట్లోనే నాలుగు కొమ్మలుగా చీలి పొదవలె విస్తరించినది. ఇంట్లో ఎవరికి కడుపు నొప్పి వచ్చినా ఆ ఇంటి పెద్దావిడ చేయి చాచి లేత చిగుళ్ళు తుంచుకొని వచ్చును. ఒక వానకాలంలో ఆమె రెండేళ్ళ మనుమడికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నవి. అప్పుడూ ఆమె అదే చేసినది. ఉదయం నుండి ఆకు రసమే. "నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయి" అని మంచినీరు కూడ తగ్గించినారు. పొద్దుగూకే వేళకు పిల్లవాని కన్నులు లోతుకు పోయినవి, నాలుక ఎండినది, మధ్యాహ్నం నుండి మూత్రం లేదు. ఆసుపత్రిలో సెలైను ఎక్కించిన పిమ్మట తేరుకున్నాడు.

"ఆకు పనిచెయ్యలేదేంటి బాబూ?" అని ఆమె నన్ను అడిగినది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

జామ మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండపు ఉష్ణమండలం దీని పుట్టిల్లు. పోర్చుగీసువారి ద్వారా మన దేశం చేరినది. చరక, సుశ్రుత సంహితలలో దీని ప్రసక్తి లేకపోవడానికి కారణం ఇదే. మరాఠీలో 'పేరు', మలయాళంలో 'పేర' అంటారు. తర్వాతి కాలపు వైద్యులు 'పేరుకం' అని సంస్కృతీకరించుకున్నారు. నేరేడు, లవంగం, నీలగిరి దీనికి దాయాదులు. ఒక జామాకును వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి, సన్నని చుక్కలు కనిపించును. అవి తైలపు గ్రంథులు. ఆకును నలిపినప్పుడు వచ్చే వాసన వాటిదే. ఈ కుటుంబపు మొక్కలన్నింటి గుర్తు అది.

లేత ఆకు నమిలితే నోరు బిగుసుకొనును. అది కషాయ రసం. కషాయ రసం గల ద్రవ్యాలు స్తంభన గుణం కలవని, అనగా స్రావాలను నిలుపునని ఆయుర్వేదం చెప్పును. ఆధునికులు ఆ వగరుకు టానిన్లు కారణమంటారు. ఆకులోని క్వెర్సెటిన్ అనే పదార్థం పేగు కండరాల బిగింపును సడలించును. మెక్సికోలో జామాకు కడుపు జబ్బులకు పాత మందు. అక్కడ విరేచనాలతో బాధపడే పెద్దవారికి ఆకు సారంతో తయారైన మందునిచ్చి పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రకటించినారు. కడుపు నొప్పి ఉండే కాలం తగ్గినది. కనుక మన పెద్దావిడ నమ్మకం గుడ్డిది కాదు.

అయితే అతిసారంలో ప్రాణం తీసేది నొప్పి కాదు, శరీరం నుండి నీరు, లవణాలు వెళ్ళిపోవడం. ఆకు వాటిని తిరిగి ఇవ్వలేదు. ఈ విషయంలో మన దేశంలోనే జరిగిన ఒక గొప్ప ఉదాహరణ కలదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బంగావ్ వద్ద కలరా చెలరేగినది. సెలైను సీసాలు అయిపోగా, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని తల్లుల చేత, బంధువుల చేత రోగులకు తాగించినారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4 లోపుకు తగ్గినవి. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించినారు. ఆ నీరే నేటి ఓ.ఆర్.ఎస్.

పిల్లలకు విరేచనాలు మొదలైన వెంటనే చేయవలసిన పని ఇది. ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తాన్ని దానిపై రాసిన కొలత నీటిలో, సాధారణంగా కాచి చల్లార్చిన ఒక లీటరులో, కలపవలెను. సగం పొట్లం అరలీటరులో అనే లెక్క వద్దు, పొడి సమంగా విడదు. విరేచనం అయిన ప్రతిసారి రెండేళ్ళ లోపు వారికి 50 నుండి 100 మి.లీ., ఆపై వయసు పిల్లలకు 100 నుండి 200 మి.లీ. చెంచాతో ఇవ్వవలెను. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ నెమ్మదిగా పట్టవలెను. కలిపిన నీటిని 24 గంటలు దాటి ఉంచరాదు. తల్లిపాలు మానరాదు. జింకు మాత్రల కోసం వైద్యుని అడగవలెను. బెల్లానికి పేరుపడ్డ సీమ గనుక కొన్ని ఇళ్ళలో చిక్కని పానకం ఇస్తారు. అది మేలు కాదు. అతి తీపి పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచును.

కొనేటప్పుడు మరొక జాగ్రత్త. ఓ.ఆర్.ఎస్. పేరు తగిలించుకున్న తీపి పానీయాలు అట్టపెట్టెలలో చాలాకాలం అమ్ముడైనవి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ వీటిపై ఏళ్ళ తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించినది. మందుల దుకాణంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పొట్లమే అడగండి.

ఇక ఆకు ఎవరికి? పెద్దవారికి సాధారణ విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి ఉన్నప్పుడు. ఎనిమిది పది లేత ఆకులు కడిగి, రెండు గ్లాసుల నీటిలో సగం మిగిలేలా కాచి, వడకట్టి, అరకప్పు చొప్పున రోజుకు రెండు మూడుసార్లు తాగవచ్చును. ఓ.ఆర్.ఎస్.తోపాటు, దానికి బదులుగా కాదు. మలంలో రక్తం, తీవ్ర జ్వరం ఉన్నవారు, గర్భిణులు దీని జోలికి పోరాదు. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యునికి చెప్పి వాడవలెను. చిగుళ్ళ వాపుకు ఇదే కషాయం గోరువెచ్చగా పుక్కిలించవచ్చును; నా అనుభవంలో ఇది చక్కని ఉపయోగం.

పండు సంగతి వేరు. నూరు గ్రాముల జామపండులో విటమిన్ సి సుమారు 200 మి.గ్రా. ఉండును, నారింజలో దాదాపు 50 మాత్రమే. తొక్క తీయక తినవలెను. విరేచనాలు తగ్గే వరకు మాత్రం గింజల కాయ వద్దు.

కె. కోటపాడులో ఆ పెద్దావిడ ఇప్పటికీ చిగుళ్ళు తుంచుతూనే ఉన్నది. వంటింట్లో ఉప్పు జాడీ పక్కన నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు కూడ ఉంచుకున్నది.