గుడ్డ కప్పు మిషిగన్ మంచుకు ఆగుతుందా?

మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండే తెలుగువాళ్లకు డెట్రాయిట్ డౌన్‌టౌన్ సుమారు అరగంట దూరం. అక్కడ కాస్ అవెన్యూలో, 2009లో తెరిచిన రోజా పార్క్స్ ట్రాన్సిట్ సెంటర్‌లో బస్సులు తెల్లటి మెంబ్రేన్ (బిగించి కట్టిన గుడ్డ) పందిళ్ల కింద ఆగుతాయి. అలాంటి కప్పుల గురించి మనలో చాలామందికి ఉన్న నమ్మకాలు నిజం కావు.

అపోహ: గుడ్డ కప్పు మంచుకు కూలిపోతుంది. సిల్వర్‌డోమ్ స్టేడియం కప్పు కూలలేదా?

వాస్తవం: ట్రాయ్‌కు దగ్గర్లోని పాంటియాక్‌లో సిల్వర్‌డోమ్ కప్పు 1985 మార్చిలో మంచు బరువుకు చిరిగి కూలిన మాట నిజమే. కానీ దాన్ని నిలబెట్టింది లోపలి గాలి. ఫ్యాన్లు ఊదే గాలి ఒత్తిడి మీద ఆ కప్పు తేలుతూ ఉండేది. మంచు ఒకచోట పేరుకుంటే అక్కడ గుంట పడుతుంది, ఆ గుంటలోకి ఇంకా మంచు చేరుతుంది. బస్‌స్టేషన్ పందిరికి ఫ్యాన్లు ఉండవు. స్టీలు స్తంభాలు, కేబుళ్లు దాన్ని నాలుగు వైపులా బిగించి లాగుతాయి. అది ఒక దిశలో పైకి, అడ్డదిశలో కిందికి వంగి ఉంటుంది. మంచు నొక్కితే ఒక వరస దారాలు బరువు పట్టుకుంటాయి, గాలి లేపితే రెండో వరస పట్టుకుంటుంది. ఈ వంపు లేని చదును కప్పు గీస్తే మాత్రం భయపడాల్సిందే. డెన్వర్ విమానాశ్రయం మెంబ్రేన్ కప్పు 1995 నుంచీ కొలరాడో మంచును మోస్తోంది.

అపోహ: తేలిక కప్పే కాబట్టి పునాది చిన్నది చాలు.

వాస్తవం: నన్ను అడిగితే అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. మెంబ్రేన్ చదరపు మీటరుకు కిలోన్నర లోపే తూగుతుంది. తనను తాను అణచి ఉంచుకునే బరువు లేదు కాబట్టి గాలి దాన్ని పైకి లాక్కుపోవాలని చూస్తుంది. దానికి తోడు కేబుళ్ల బిగువు. అందుకే పునాది మోయడానికే కాదు, పట్టి ఉంచడానికి కూడా. ఇక్కడ ఖర్చు తగ్గించకూడదు.

అపోహ: నాలుగేళ్లకు చిరుగుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

వాస్తవం: శాశ్వత కప్పులకు ఎక్కువగా వాడేది టెఫ్లాన్ పూసిన గాజునార గుడ్డ. గాజునార మండదు. కాలిఫోర్నియాలోని లా వెర్న్ విశ్వవిద్యాలయంలో 1973లో వేసిన ఇలాంటి కప్పు దశాబ్దాల తరబడి నిలిచింది.

అపోహ: పందిరి ఉంటే చలి ఆగుతుంది.

వాస్తవం: ఆగదు. ఒంటి పొర గుడ్డ వెచ్చదనాన్ని పట్టి ఉంచలేదు, పక్కలు తెరిచే ఉంటాయి. అందుకే పందిరి ఎంత బాగున్నా తలుపులున్న వెచ్చని గది కావాల్సిందే. ట్రాయ్ ట్రాన్సిట్ సెంటర్‌లో ప్రయాణికులు కూర్చునే గది ఉంది. పందిరి గీసేవాళ్లు ఇంకొకటి కూడా చూడాలి: నున్నటి టెఫ్లాన్ మీద మంచు ఒక్కసారిగా జారుతుంది. అది పడే చోట బస్సు ఎక్కే మనుషులు ఉండకూడదు.