వంశకథయు, వంశసత్యమును



మనలో శ్రాద్ధము పెట్టువాడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు మూడింటిని గోత్రముతో గూడ చెప్పును. అంతకుపైని తరమువారి పేరడిగినచో పెక్కుమందిమి తెల్లబోవుదుము. అమెరికా దేశమున ఒక వృద్ధునకు ఇట్టి చిక్కే వచ్చినది. నా పూర్వశిష్యుడొకడు ఆ దేశమందలి ఒహాయో రాష్ట్రమున కాపురమున్నాడు. ఆతని పొరుగువాడగు ఆ వృద్ధుడు, 1780 ప్రాంతమున కెంటకీ సీమకు వచ్చిన తన పూర్వుడు షానీ జాతి స్త్రీని పెండ్లాడెనని అవ్వవలన వినెనట. ఇది నిజమగునా యని ఆతడు నా శిష్యుని అడిగెను, శిష్యుడు నన్నడిగెను. ముప్పదియైదేండ్లు చరిత్ర బోధించినవాడను గనుక ఊరకుండజాలక, చదివి తెలిసికొన్నది మీకును విన్నవించుచున్నాను.

షానీలు అమెరికా ఆదిమజాతులలో నొకరు. ఒహాయో నదికి ఉత్తరమున పల్లెలు కట్టుకొని మొక్కజొన్న పండించెడివారు. నదికి దక్షిణమందున్న కెంటకీ వారి వేటభూమి. 1775లో డేనియల్ బూన్ అనునాతడు అచ్చట బూన్స్‌బరో కోటను నెలకొల్పెను. ఆ కాలమున ఇరుపక్షములకును ఘోరమైన పోరు సాగెను. చేజిక్కిన తెల్లవారిలో కొందరిని షానీలు చంపిరి. కొందరిని, చనిపోయిన తమవారి స్థానమున బిడ్డలుగా స్వీకరించిరి. 1778 ఫిబ్రవరిలో పట్టుబడిన బూన్‌నే బ్లాక్‌ఫిష్ అను నాయకుడు దత్తత చేసికొని, షెల్టోవీ, అనగా పెద్ద తాబేలు, అని పేరు పెట్టెను. జూన్ నెలలో బూన్ తప్పించుకొని పోయెను.

కావున సరిహద్దు కుటుంబములలో షానీల మాట వినబడుట వింత గాదు. కాని ‘మా పూర్వుడు షానీలలో నుండెను’ అనుట వేరు. ‘మాలో షానీ రక్తమున్నది’ అనుట వేరు. రెండు తరములు గడచునప్పటికి మొదటిమాట రెండవదిగా మారుట సులభము.

తలక్రిందుగా మారిన కథయు నొకటి కలదు. బ్లూ జాకెట్ అను షానీ సేనాని పుట్టుకచే తెల్లవాడనియు, స్వేరింజెన్ కుటుంబపు బాలుడు నీలి చొక్కాతో పట్టుబడి ఆ పేరు పొందెననియు 1877లో ఒహాయో పత్రికయొకటి ప్రకటించెను. జనులు నమ్మిరి. అయితే 1773లోనే ఒక క్రైస్తవ బోధకుడు ఆ సేనాని పేరనున్న పల్లెను పేర్కొనెను. స్వేరింజెన్ బాలునకు అప్పటికి పదేండ్లు! పదేండ్ల బాలుని పేర ఊరు వెలయునా? మన గోత్రమువలె తండ్రినుండి కొడుకునకే సంక్రమించు వై క్రోమోజోమును రెండు వంశములవారియందును పరీక్షింపగా, అవి కలియలేదని 2006లో ప్రకటితమయ్యెను.

ఇక ఆ వృద్ధుడు చేయవలసిన దేమి? తననుండి మొదలిడి ఒక్కొక్క మెట్టే పైకెక్కవలెను. కోరిన పూర్వునినుండి క్రిందికి దిగరాదు. అచ్చటి జనాభా లెక్కలలో ఇంటిలోని స్వతంత్రులందరి పేర్లును 1850లోనే తొలిసారి వ్రాయబడెను. అంతకు పూర్వము ఇంటియజమాని పేరే యుండును. స్త్రీల పేర్లు మరుగుపడెను. కావున వీలునామాలు, భూమి దస్తావేజులు, 1832 చట్టము ననుసరించి ముసలి సైనికులు పింఛనుకై వ్రాసికొన్న అర్జీలు వెదకవలెను. లైమన్ డ్రేపర్ అనునాతడు సరిహద్దువారి నోట విని సేకరించిన వ్రాతలు విస్కాన్సిన్ రాష్ట్రపు మాడిసన్ నగరమున భద్రముగా నున్నవి. రక్తసంబంధ పరీక్ష కలదుగాని, పూర్వుల పాలు తరమునకు సగముగా తగ్గి, ఎనిమిదవ తరమున సగటున 256 వంతులలో ఒకటియగును. ఒక్కొక్కయెడ ఏమియు మిగులదు. మిగిలినను అది ఏ తెగదో తెలుపజాలదు.

ఇంత జాగ్రత్త యేల? షానీలు గతించిన జాతి గారు. 1795 నాటి గ్రీన్‌విల్ సంధిచే ఒహాయో భూమిలో పెద్దభాగము పోగొట్టుకొనిరి. 1830 తరువాత మిగిలినవారును పడమటికి పంపబడిరి. నేడు ఓక్లహోమాలో వారికి మూడు స్వపరిపాలనలు గలవు. తమవారెవరో నిర్ణయించు అధికారము వారిదే. భూమిని తీసికొన్నవారి సంతతి, సాక్ష్యము లేక పేరునుగూడ తీసికొనుట న్యాయము గాదు.

నేను వ్రాసిన ప్రత్యుత్తర మిది: “అవ్వ మాటను పారవేయకుడు, దానికేమియు చేర్చకుడు. ఎవరు, ఎప్పుడు, ఎవరితో చెప్పిరో వ్రాసియుంచుడు. పత్రము దొరకువరకు ‘మా అవ్వ ఇట్లు చెప్పెను’ అనియే మనుమలకు చెప్పుడు.” అవ్వను గౌరవించుటయు, సత్యమును గౌరవించుటయు ఆ ఒక్కమాటలోనే యున్నవి.