బీరువా కాళ్లకు పట్టీలు.. మౌస్‌తో చేసేద్దాం!

వెలుగోడులో మా నాన్న టేకు చెక్కకు చిత్రిక పడుతుంటే, పక్కనే నేను ల్యాప్‌టాప్‌లో అదే పట్టీ గీస్తుంటాను. బీరువా అడుగున చుట్టూ వచ్చే వంపుల బీడింగ్ అది. చెక్క ఒకసారి తెగితే అంతే. తెరమీదైతే వందసార్లు చెరిపి గీయొచ్చు.

స్కెచప్ ఉచిత వెర్షన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. పద్ధతి సింపుల్! బీరువా అడుగున ఎడమ, ముందు, కుడి అంచుల మీదుగా దారి గీయండి. దారి మొదట్లో, దానికి అడ్డంగా నిలబడేలా వంపు ఆకారం గీయండి. దారిని సెలెక్ట్ చేసి, ‘ఫాలో మీ’ టూల్‌తో ఆకారాన్ని నొక్కండి. మూలల్లో 45 డిగ్రీల కోతతో సహా పట్టీ చుట్టేస్తుంది.

అసలు లాభం కొలతల్లో ఉంది. 48 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతున్న బీరువాకి 84 అంగుళాలు చాలనిపిస్తుంది. కానీ పట్టీ మందం అంగుళమైతే, మూల కోతల వల్ల ముందు ముక్క 50, పక్క ముక్కలు 19 చొప్పున.. మొత్తం 88! రంపం తినేది అదనం. 84 కొంటే మూడో ముక్క దగ్గర ఇరుక్కుపోతాం. టేకు ధర తెలిసిందేగా!

డిజైన్ ఐడియా కావాలా? ఆళ్లగడ్డ శిల్పుల పని చూడండి. గుడి అధిష్ఠానంలో ఉపానం, పద్మం, కుముదం.. ఎన్ని వంపులో! అయితే మీ రూటర్ బిట్‌కి అందే వంపులే గీయండి. చెక్క మీదికి రాని గీత తెరమీద ఎంత బాగున్నా ఏం లాభం?