మీకు తెలుసా? ధర చీటీ లేని కొట్టు

పుదుచ్చేరి పట్టణానికి పది కిలోమీటర్ల దూరంలో, ఆరోవిల్‌లో, సరుకుల మీద ధర కనబడని కొట్టు ఒకటి 2006 నుంచి నడుస్తోంది. ధరే కనబడని చోట ‘సగానికి సగం తగ్గింపు’ బోర్డుకు పనేముంది?

● దాని పేరు పూర్ తూస్ పంపిణీ కేంద్రం. సభ్యులు నెలనెలా కొంత సొమ్ము ముందే కడతారు. అరల్లోంచి పప్పులు, కూరగాయలు, సబ్బులు ఇంటికి ఎంత కావాలో అంతే తీసుకుంటారు. ఎవరెంత తీసుకున్నారో కొట్టువాళ్లు లెక్క రాసుకుంటారు.

● పుదుచ్చేరి పట్టణం లోపలా ఇలాంటి పద్ధతి ఉంది. 1926లో ఏర్పడిన శ్రీ అరవిందాశ్రమంలో ‘ప్రాస్పెరిటీ’ అనే విభాగం ఆశ్రమవాసులకు బట్టలు, సబ్బుల వంటి నిత్యావసరాలను ప్రతి నెలా ఒకటో తేదీన అందిస్తుంది.

● ఆరోవిల్‌లోనే ఉన్న ‘ఫ్రీ స్టోర్’లో, ఒకరు వాడి ఇచ్చేసిన బట్టలను మరొకరు డబ్బు కట్టకుండా తీసుకెళ్లి వాడుకుంటారు.

● ఒక్క నూలు టీషర్టు తయారీకి, పత్తి పంటతో కలిపి, దాదాపు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని అంచనా. అది ఒక మనిషికి రెండున్నరేళ్ల తాగునీరు. తమిళుల ఆడి మాసం తగ్గింపు అమ్మకాల్లోనో దీపావళికో ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అన్నప్పుడు, ఆ మూడోదానికి మీరు డబ్బు కట్టకపోయినా, నీళ్లు మాత్రం అంతే ఖర్చవుతాయి.