నిన్నటి లెక్క నిన్నటిదే



ఈరోజు ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. 2001 జనాభా లెక్కల ప్రకారం కోలారు జిల్లా జనాభా 25 లక్షల పైచిలుకు. 2011 లెక్కల్లో అది 15 లక్షల పైచిలుకు. మరి ఆ పది లక్షల మంది ఏమైనట్టు? అందరూ బెంగుళూరు వెళ్ళిపోయారా? అదేం కాదు. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది. చింతామణి, శిడ్లఘట్ట, బాగేపల్లి, గౌరిబిదనూరు, గుడిబండ, చిక్కబళ్ళాపురం, ఈ ఆరు తాలూకాలూ అటు చేరాయి. మనుషులు ఉన్నచోటే ఉన్నారు. గీత జరిగింది, అంతే.

కంప్యూటరులో లెక్కలు చూసేవాళ్ళు ఈ ముచ్చటను బాగా గుర్తు పెట్టుకోవాలి. నేడు బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, పెద్ద పెద్ద సంస్థల్లో బిజినెస్ ఇంటెలిజెన్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. పోగుపడిన వివరాలను కూడి, విడదీసి, పట్టికగా చూపడం దాని పని. ఆ పట్టికనే రిపోర్టు అంటారు.

ఇందులో ఒక మెలిక ఉంది. రిపోర్టు లోపల సిద్ధంగా కూర్చుని ఉండదు. మీరు మీట నొక్కిన ప్రతిసారీ, ఆ క్షణాన ఉన్న వివరాలతో కొత్తగా తయారవుతుంది. 2005 నాటి కోలారు జిల్లా లెక్క ఇవ్వమని ఇవాళ అడిగారనుకోండి. లోపలి తాలూకాల పట్టిక కొత్తదైతే, ఆ ఆరు తాలూకాలూ లేని అంకె వస్తుంది. కూడికలో తప్పుండదు. కానీ 2005లో అధికారులు చూసి సంతకం పెట్టిన అంకె మాత్రం అది కాదు.

మన రైతులకు ఇది కొత్త విషయం కాదు. కర్ణాటకలో 'భూమి' పథకం కింద పహాణీలు కంప్యూటరులోకి ఎక్కాయి. తొమ్మిదో కాలంలో హక్కుదారు పేరు ఉంటుంది. ముటేషన్ అయితే ఆ పేరు మారుతుంది. అయినా పాత సంవత్సరం పహాణీ కావాలంటే ఆ సంవత్సరం చెప్పి విడిగా అడగవచ్చు. అన్నదమ్ముల వ్యాజ్యం కోర్టుకు వెళ్ళినప్పుడు, ఇవాళ ఎవరి పేరుందో చూస్తే చాలదు కదా! ఆనాడు ఎవరి పేరుందో కూడా చూపాలి.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇందుకు ఏర్పాటు ఉంది. రిపోర్టు తయారైనప్పుడు వచ్చిన ఫలితాన్ని, తేదీతో సహా, అలాగే దాచిపెట్టవచ్చు. కొన్నిట్లో దాన్ని స్నాప్‌షాట్ అంటారు, కొన్నిట్లో ఇన్‌స్టెన్స్ అంటారు. ఫోటో తీసి పెట్టుకున్నట్టు అన్నమాట. ప్రతి నెలా ఫలానా రోజున దానంతట అదే దాచుకునేలా కూడా చెప్పి పెట్టవచ్చు. తర్వాత కావలసినప్పుడు హిస్టరీ అనే జాబితా తెరిచి, తేదీ చూసి తీసుకోవాలి. అక్కడ చాలామంది పొరపడతారు. పాతది తెరవడానికి బదులు మళ్ళీ రన్ మీట నొక్కుతారు. అప్పుడు వచ్చేది పాత రిపోర్టు కాదు, పాత పేరున్న కొత్త రిపోర్టు.

ఒకసారి మా బడిలో ఇలాగే జరిగింది. జూన్‌లో ఒక తరగతిలో 42 మంది పిల్లలు. ఆ లెక్కనే మధ్యాహ్న భోజనానికి బియ్యం తెచ్చాం. జనవరిలో తనిఖీకి వచ్చినవారు జూన్ జాబితా అడిగారు. కంప్యూటరు నుంచి తీసి ఇచ్చాం. అందులో 39 మందే ఉన్నారు! ముగ్గురు పిల్లలు మధ్యలో టీసీ తీసుకుని వెళ్ళిపోవడంతో జాబితా వాళ్ళను వదిలేసింది. ముగ్గురి బియ్యం ఎటు పోయిందన్న చూపు వంట చేసే అమ్మ మీద పడింది. ఆమె ఏమని చెప్పగలదు? అదృష్టం కొద్దీ జూన్‌లో ముద్రించి, తేదీ వేసి ఫైలులో పెట్టిన కాగితం దొరికింది. ఆమె మాట నిలబడింది.

కాబట్టి శ్రోతలారా, మీ కార్యాలయంలో గానీ, మీ పిల్లలు పనిచేసేచోట గానీ మూడు సంగతులు చూసుకోండి. ఒకటి, ముఖ్యమైన రిపోర్టు ఫలితాన్ని వచ్చిన రోజే దాచండి. రెండు, దాని మీద తేదీతో పాటు ఏయే షరతులతో తీశారో, అంటే ఏ తాలూకాలు, ఏ నెలలు కలిపారో రాయండి. మూడు, ఎన్ని పాత ప్రతులు ఉంచాలో సాఫ్ట్‌వేర్‌లో హద్దు పెట్టి ఉండవచ్చు. ఆ హద్దు దాటితే అన్నిటికంటే పాతది చెరిగిపోతుంది. అందుకే ఏడాదికొకటైనా వేరేచోట భద్రపరచండి.

బంగారుపేట తాలూకా నుంచి తర్వాత కేజీఎఫ్ తాలూకా విడిపోయింది. గీతలు ఇంకా మారుతూనే ఉంటాయి. నిన్నటి లెక్కను నిన్ననే దాచి ఉంటే, రేపు ఎవరు అడిగినా జవాబు మన చేతిలో ఉంటుంది.